ఐదుకీ ఆరుకీ మధ్య

తొమ్మిదో అంతస్తుకని బయలుదేరిన లిఫ్టు ఐదు దాటి, ఆరు అందుకోకుండానే ఆగిపోయింది. లోపల ఉన్నది తల్లీ కూతుళ్ళిద్దరే. కూతురి చేతుల్లో మూతపెట్టిన పెద్ద పళ్ళెం. తల్లి చేతిలో సంచి, గుండెల్లో దడ.

"అయిపోయిందే. మన పని అయిపోయింది."

"ఏమీ అవలేదమ్మా. ఆగింది, అంతే."

"ఆగిందా, తాడు తెగిందా?"

"తాడు తెగితే ఇలా నిలబడి మాట్లాడుకుంటామా? ఈపాటికి కింద ఉండేవాళ్ళం."

"నీ నోట్లో మన్నుపడ! ఇలాంటి చోట అలాంటి మాటలా?"

"మొదలుపెట్టింది నువ్వు."

"నేనంటే తల్లిని, అంటాను. నువ్వు అనకూడదు."

"సరే. కాస్త పక్కకి జరుగు. బటన్లన్నీ నీ వీపు వెనకే ఉన్నాయి. గంట బొమ్మ ఉన్నదొకటి ఉంటుంది, నొక్కు."

"నేను కదలను. కదిలితే ఇది ఊగుతుంది."

"ఊగదు."

"నీకేం తెలుసు? ఇందాక నువ్వు తుమ్మినప్పుడు ఊగింది."

"నేను తుమ్మలేదు."

"అయితే దానంతటదే ఊగింది. ఇంకా ఘోరం."

"టైమెంతయింది?"

"పదకొండుకి ఇంకా ఇరవై నిమిషాలుంది."

"అమ్మా, పదకొండుకల్లా ఈ పళ్ళెం ఆ ఓడవాళ్ళ పెద్ద వంటాయన ముందుండాలి. నిమిషం దాటితే తలుపు వేసేస్తారు. పరీక్షకి రమ్మన్న ఉత్తరంలో రాసింది నీకు చదివి వినిపించాను కదా. ఓడ మీద పని గడియారం ప్రకారం నడుస్తుందట. ఆ గంట నొక్కు."

"ఏ గంటో కనపడటం లేదు. కళ్ళజోడు తెచ్చుకోలేదు."

"నీ ముక్కు మీదే ఉంది."

"ఇది దూరం చూసేది."

"సరే, నేనే..."

"ఆగాగు, పళ్ళెం వంగిపోతోంది! నేనే నొక్కుతాలే. నువ్వు రాకు, అక్కడే ఉండు. ఇదిగో, నొక్కాను. ఇప్పుడేమవుతుంది, పేలుతుందా?"

"హలో... లిఫ్టులో ఎవరండీ?"

"అమ్మో, గోడ మాట్లాడుతోందే!"

"కింద వాచ్‌మన్‌గారమ్మా. ఏవండీ, మేం లోపల ఇరుక్కుపోయాం. ఐదుకీ ఆరుకీ మధ్య. పదకొండుకి తొమ్మిదో అంతస్తులో ఉండాలి."

"కరెంటు ఉందే మరి. లోపల లైటు వెలుగుతోందా?"

"వెలుగుతోంది."

"ఫ్యాను?"

"తిరుగుతోంది."

"చిత్రమే. కంగారు పడకండి. పైన మోటారు గదికెళ్ళి చూసొస్తాను. లిఫ్టు లేదు కదా, మెట్లెక్కాలి. నా మోకాళ్ళతో కాస్త ఆలస్యమవుతుంది."

"అయ్యా, లోపల గాలి చాలుతుందా?"

"ఎంతమందున్నారమ్మా?"

"ఇద్దరం."

"చాలుతుంది. పోయిన నెల ఒకాయన బీరువాతో సహా నాలుగు గంటలున్నాడు."

"నాలుగు గంటలా! బతికాడా?"

"భేషుగ్గా ఉన్నాడు. బీరువాకే గీతలు పడ్డాయి."

"విన్నావా? నాలుగు గంటలట. నేను ముందే చెప్పాను, ఇవాళ బయలుదేరొద్దని. ఎడం కన్ను అదురుతూనే ఉంది."

"ఆడవాళ్ళకి ఎడం కన్ను అదిరితే మంచిదని నిన్న అన్నావు."

"నిన్న మంచికే అదిరింది. ఇవాళ అదురు వేరు."

"పళ్ళెం కింద పెడుతున్నాను. చేతులు లాగేస్తున్నాయి."

"నేల మీదా? ఎంతమంది చెప్పుల కాళ్ళతో తొక్కారో! ఉండు, సంచిలో తువ్వాలుంది, పరుస్తాను. జాగ్రత్త, మెల్లగా. విరిగాయా?"

"లేదు."

"మూత తీసి చూడు. చూడవే, నా మనసు కుదుటపడదు."

"చూడు. ఆరుకి ఆరూ అలాగే ఉన్నాయి."

"ఎంత ముద్దుగా ఉన్నాయో తల్లీ. విచ్చీ విచ్చని పువ్వుల్లాగా. ఇంత పల్చటి పిండి రేకులు మనిషి చేత్తో ఎలా పరిచావే? ఊపిరి గట్టిగా వదిలితే లేచిపోతాయి."

"ఒక రేకు పరచడం, కరిగిన వెన్న కుంచెతో పూయడం, మీద ఇంకో రేకు. అలా అయిదు. తర్వాత చదరాలుగా కోసి గుంటల అచ్చులో నొక్కి కాల్చడమే. గ్రీకు వాళ్ళు వందల ఏళ్ళుగా చేస్తున్నారట."

"వాళ్ళకి వేరే పని లేదు కాబోలు."

"ఇంకో ఆరు కూడా ఉండాల్సింది. పన్నెండు చేసి, వాటిలో బాగా కుదిరిన ఆరు ఏరుకుందామనుకున్నాను."

"మళ్ళీ తెస్తున్నావా ఆ సంగతి?"

"ఏ సంగతి?"

"ఫ్రీజరు సంగతి. దెప్పు. పొద్దుట్నుంచీ కడుపులో పెట్టుకున్నావు కదా, దెప్పేయ్."

"నేనేం అనలేదు."

"అనకుండానే అంటావు నువ్వు, మీ నాన్నలాగ."

"సరే, అంటున్నాను. రేకుల కట్ట కరగడానికి నిన్న బయటపెట్టాను. తెల్లారి లేచి చూస్తే మళ్ళీ ఫ్రీజర్లో ఉంది. తీసి విప్పితే ఒకదానికొకటి అతుక్కుపోయి పీలికలు పీలికలుగా వచ్చాయి. సగానికి సగం పారేశాను. ఒకసారి కరిగాక మళ్ళీ గడ్డకట్టనివ్వకూడదని అట్టపెట్టె మీద రాసుంది."

"చిన్న అక్షరాలు."

"నీకు చదివి కూడా వినిపించాను."

"పాలు బయటుంటే విరుగుతాయి, వెన్న బయటుంటే కారుతుంది, మరి ఇది మాత్రం పాడవదా అనుకున్నాను. నీ మంచికే పెట్టాను."

"నా మంచికే అలారం కూడా ఆపావు."

"ముఖం పీక్కుపోయుంది. ఇంకో గంట పడుకుంటుందిలే అనుకున్నాను."

"నా మంచికే చెప్పులు కడిగి ఆరేశావు."

"బురద పట్టుకునున్నాయి. అలా వెళితే ఏమనుకుంటారు?"

"అమ్మా."

"ఏమిటి?"

"ఏం లేదు."

"ఏం లేదు అంటే ఏదో ఉన్నట్టే. చెప్పు."

"టైమెంత?"

"పదకొండుకి పదమూడు నిమిషాలు. ఏమే, ఒక మాట అడుగుతాను, కోప్పడకు. ఇప్పుడు ఈ లిఫ్టు ఆగింది. కింద వాచ్‌మనున్నాడు, మోకాళ్ళు నొప్పులైనా మెట్లెక్కుతున్నాడు. నడిసముద్రంలో ఓడ ఆగిపోతే ఎవరొస్తారు?"

"ఓడలో పదహారు వందల మంది ఉంటారమ్మా."

"అంటే పదహారు వందల మంది కలిసి మునుగుతారు."

"మునగదు."

"మునిగిన వాటన్నిట్లోనూ ఎక్కేటప్పుడు అలాగే అనుకునుంటారు."

"నాన్న వెళ్ళమన్నాడు కదా."

"ఆయనకేం! ఇల్లు కూలినా ఇటుక మీద తలపెట్టి గురకపెట్టే మనిషి. ఓడ మీద ఎనిమిది నెలలు! పండగ లేదు, పబ్బం లేదు, జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసే దిక్కు లేదు. ఎనిమిది నెలలంటే కడుపులో బిడ్డ తయారై బయటికొచ్చేస్తుంది."

"తొమ్మిది నెలలు."

"నువ్వు ఎనిమిదికే వచ్చావు. గుప్పెడంత ఉన్నావు. ఊపిరి తీస్తున్నావో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని."

"ఇప్పటికీ చూస్తావు."

"ఎప్పుడు?"

"మొన్న కూడా. నేను మేలుకునే ఉన్నాను."

"దోమ వాలితే తోలాను."

"సరే, దోమే."

"ఇక్కడ మాత్రం పనికేం తక్కువ? మన వీధి చివర బేకరీలో పిలిచారు. నడిచి వెళ్ళి నడిచి రావచ్చు."

"బన్నులు చెయ్యడానికి."

"బన్నులేం పాపం చేశాయి? బన్ను తిని మునిగిపోయినవాళ్ళున్నారా?"

"నవ్వించకమ్మా."

"నవ్వావు కదా, అది చాలు. పొద్దుట్నుంచీ ముఖం రాయిలా ఉంది. ఇదిగో, సంచిలో కస్టర్డు చెమట పట్టేస్తోంది. ఊరికే కూర్చునే బదులు ఇక్కడే నింపేద్దామా? పైకి వెళ్ళగానే నేరుగా పెట్టేయొచ్చు."

"ఇక్కడా?"

"నువ్వు వద్దంటే వద్దులే. చివరి నిమిషంలోనే నింపాలని నువ్వే అన్నావు. ముందే నింపితే అడుగు మెత్తబడి, చెంచా పెట్టగానే కూలబడుతుందని."

"ఇలా ఇవ్వు."

"నింపుతావా?"

"ఇవ్వు. కస్టర్డు పిండే సంచి మొన ఇటు తిప్పి ఇవ్వు."

"నిజంగానా? ఆయన నాలుక కత్తి అన్నావు. రేకు పెళపెళలాడకపోతే పక్కకి నెట్టేస్తాడన్నావు."

"నింపుదామన్నది నువ్వే కదా!"

"అన్నాననుకో. నువ్వు వింటావనుకోలేదు. నా మాట ఎప్పుడు విన్నావని?"

"పట్టుకో. కదపకు. ఇది ఒకటి... రెండు... ఆ గిన్నెలో పళ్ళున్నాయి, మూత తియ్యి. అంజూరం ముక్కలు అంచుకి, దానిమ్మ గింజలు మధ్యలో. వేళ్ళతో నొక్కకు."

"నా చేతులు వణుకుతున్నాయి. నువ్వు పెట్టు."

"నావీ వణుకుతున్నాయి."

"నీవెందుకు?"

"పళ్ళెం మోసి మోసి."

"కస్టర్డు ఎంత నున్నగా జారుతోందో! రవ్వ వేశానన్నావు, ఎక్కడా పలుకే లేదు."

"సన్న రవ్వ. పాలల్లో చెయ్యి ఆపకుండా కలపాలి. ఆపితే ఉండ కడుతుంది. నారింజ తొక్క కొద్దిగా తురిమాను. ఒకటి నువ్వు తిను."

"వద్దు, లెక్కకి ఆరున్నాయి."

"పైన ముగ్గురే రుచి చూసేది. తిను."

"ఇలా ఇవ్వు మరి."

"ఎలా ఉంది?"

"ఉప్పు తక్కువైంది."

"కస్టర్డులో ఉప్పేమిటి!"

"ఏమో, నాకు అలాగే అనిపించింది. నోరు బాలేదేమో."

"ఏడుస్తున్నావా?"

"కంట్లో రేకు పొట్టు పడింది."

"హలో, లిఫ్టులో అమ్మగారూ, ఉన్నారా?"

"ఉన్నామయ్యా! ఎక్కడికి పోతాం?"

"మోటారు గదికెళ్ళొచ్చాను. మోటారు శుభ్రంగా ఉంది. తీగలు బాగున్నాయి. దిగొచ్చి ఇక్కడ బోర్డు చూస్తే ఎర్ర దీపం వెలుగుతోంది. అది లిఫ్టు చెడిపోతే వెలిగే దీపం కాదమ్మా."

"మరి?"

"లోపల బటన్ల వరసకి అడుగున ఎర్ర మీట ఒకటుంటుంది, పుట్టగొడుగులా. ఆపదొస్తే ఆపడానికి. అది ఎవరో లోపల్నించి నొక్కితేనే ఈ దీపం వెలుగుతుంది. ఒకసారి చూడండి, లోపలికి దిగి ఉందా?"

"అమ్మా, జరుగు."

"ఎందుకు?"

"చూడాలి కదా."

"ఏం చూస్తావు, ఆయన ఏదో అంటాడు. ముసలాయన, దీపాలు సరిగా కనపడవు."

"జరుగమ్మా."

"చేతిసంచి తగిలిందేమో."

"సంచి నీ ఎడం చేతిలో ఉంది."

"మోచెయ్యి తగిలిందేమో."

"అమ్మా."

"నేనే నొక్కాను."

"నువ్వా?"

"నేనే. ఐదు అంకె వెలగ్గానే నా చెయ్యి దానంతటదే వెళ్ళింది. నొక్కాక గాని నాకే తెలియలేదు, ఏం చేశానో. పొద్దున కస్టర్డు గిన్నె నాకినప్పుడే నా గుండె జారిపోయింది. ఇది తిన్నవాడెవడూ నిన్ను వదలడు. ఓడ ఎక్కించుకునే పోతాడు. ఇంకో నాలుగు అంతస్తులే ఉన్నాయి. నాలుగంటే నాలుగు. నీకు తెలుసు, లిఫ్టంటే నాకు ఎంత భయమో. మూడో మేడకి కూడా మెట్లెక్కే పోతాను. అయినా ఇందులో... చెప్తే పిచ్చిదంటావు. తలుపు మూసుంది. నువ్వు ఎదురుగా ఉన్నావు. బస్సు లేదు, ఓడ లేదు, నీళ్ళు లేవు. నీకేమీ కాదు. నువ్వు పుట్టినప్పట్నుంచీ ఇంత నిశ్చింతగా ఒక్క పావుగంట లేను నేను."

"అలారం?"

"అదీ తెలిసే ఆపాను."

"ఫ్రీజరు?"

"అది మాత్రం నిజంగా పాడవుతుందనే పెట్టాను. ఒట్టు. ...సగం ఒట్టు. తిట్టు. నన్ను తిట్టవే, అలా చూడకు."

"తిట్టను."

"నా కడుపున పుట్టిన పాపానికి నీ కాళ్ళకి నేనే గుదిబండనయ్యాను. నీకు ఇరవై ఆరేళ్ళొచ్చాయి. ఈత నేర్చుకుంటానంటే వద్దన్నాను, సైకిలంటే వద్దన్నాను. ఇవాళ తల్లినై ఉండి నీ నోటికాడ ముద్ద పడగొట్టాను."

"అమ్మగారూ, ఏమైంది? మీట కనపడిందా?"

"కనపడిందయ్యా. నేనే నొక్కాను. ముసలిదాన్ని, బుద్ధి గడ్డి తింది. ఎలా తియ్యాలి?"

"పర్వాలేదమ్మా, ఏదో కంగారులో నొక్కుంటారు. ముందు మీరు వెళ్ళాల్సిన అంతస్తు అంకె మళ్ళీ నొక్కండి. మధ్యలో ఆపితే మొదట నొక్కింది చెరిగిపోతుంది. తర్వాత ఎర్ర మీట కుడివైపుకి తిప్పితే బయటికొస్తుంది, అదే కదులుతుంది."

"టైమెంతే? కళ్ళు మసకలుగా ఉన్నాయి, నా గడియారం నువ్వు చూడు."

"పదకొండుకి ఐదు నిమిషాలుంది."

"చాలు! నాలుగు అంతస్తులకి ఐదు నిమిషాలు చాలవూ? నింపినా ఇప్పుడే కదా నింపాం, ఇంకా పెళపెళలాడుతూనే ఉంటాయి. నేను తిన్నాను కదా, నాకు తెలియదా? పళ్ళెం తీసుకో. కాదు, ముందు అంకె నొక్కు. ఆయన తిట్టినా నేను కాళ్ళు పట్టుకుంటాను. తప్పు నాది, పిల్లది కాదు బాబూ అంటాను."

"అమ్మా, వద్దులే."

"ఏం వద్దు? నేను నొక్కాను, నేనే తీస్తాను. నా చేత్తోనే తీస్తే గాని నాకు నిద్ర పట్టదు. నువ్వు అంకె నొక్కు."

"ఒక్క నిమిషం ఆలోచించు..."

"పుట్టినప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను, ఆలోచనే నన్ను తినేసింది. ఓడ ఎక్కు. ఎక్కడికైనా వెళ్ళు. వారానికోసారి ఫోను చెయ్యి. పదిరోజులకి చేసినా చస్తానా? చావను. నొక్కావా?"

"..."

"నొక్కావా అంటే! నేను కళ్ళు మూసుకుంటున్నాను. కదిలేటప్పుడు చూడలేను."

"నొక్కాను."

"నొక్కావు కదా? తిప్పుతున్నాను. కుడివైపుకే కదా అన్నాడు? అమ్మయ్యో, బిగిసిపోయింది. వస్తోంది... వచ్చింది! కదిలింది! కదిలిందే తల్లీ!"

"అమ్మా."

"పళ్ళెం గట్టిగా పట్టుకున్నావా? లోపలికి వెళ్ళగానే నమస్కారం పెట్టు. తల దించుకోకు. అంజూరం ఎక్కడ కొన్నావంటే... ఏమే, కడుపులో ఇలా తేలిపోతున్నట్టుందేమిటి?"

"కళ్ళు తెరవకమ్మా."

"పైకి పోయేటప్పుడు కాళ్ళు బరువెక్కాయి ఇందాక. ఇప్పుడు... ఏమిటిది? నాలుగు. మూడు. ఇది కిందికి పోతోందే! తాడు..."

"తాడు తెగలేదు. మెల్లగానే పోతోంది."

"ఆ ముసలాయనే లాగుతున్నాడేమో. తొమ్మిది నొక్కు, తొందరగా నొక్కు, ఇంకా నాలుగు నిమిషాలుంది! నొక్కవే, అలా నిలబడ్డావేం? ఇందాక నొక్కావు కదా?"

"తొమ్మిది నొక్కలేదు."

"మరి?"

"సున్నా నొక్కాను."

"ఎందుకే? నేను తీసేశాను కదా మీట! నేను వెళ్ళమంటున్నాను కదా!"

"నాకూ భయమేనమ్మా."